లెవర్కూసెన్ 2023-24: అది లక్ అనేవాళ్లకు ఏం చెప్పాలి?

కొండాపూర్_కిక్
మా ఆఫీసులో లంచ్ దగ్గర నలుగురం కూర్చుంటే ఫుట్‌బాల్ తప్ప వేరే మాట ఉండదు. గొప్ప సీజన్లు అనగానే మాంచెస్టర్ సిటీ ట్రెబుల్ (ఒకే ఏడాది మూడు పెద్ద కప్పులు), 2009 బార్సిలోనా, లీగ్‌లో ఓటమే లేని ఆర్సెనల్ "ఇన్విన్సిబుల్స్" అంటూ మొదలుపెడతారు. నేను జర్మనీ క్లబ్ బేయర్ లెవర్కూసెన్ 2023-24 సీజన్ పేరు ఎత్తితే చాలు, "అది లక్ బ్రో, ఎప్పుడు చూసినా 95వ నిమిషంలో గోల్ కొట్టి గట్టెక్కేవాళ్లు" అని నోరు మూయించేస్తారు. లీగ్‌లో 34 మ్యాచ్‌లు, 28 గెలుపులు, 6 డ్రాలు, ఓటమి లేదు. 1963లో జర్మనీ టాప్ లీగ్ బుండెస్‌లిగా మొదలైనప్పటి నుంచి ఏ జట్టూ చేయని పని. పైగా జర్మన్ కప్ కూడా కొట్టారు. ఇది లక్ అయితే ఆట అంటే ఏంటి మరి? కోపం వస్తోంది కానీ గట్టి జవాబు దొరకట్లేదు. కాస్త సరుకు ఇవ్వండి.

మ్యూనిక్_మామ
నీ ఆఫీసు వాళ్ల అడ్రస్ ఇవ్వు, వెళ్లి టీ తాగిస్తా. ఆ ఏడాది మా బాయర్న్ మ్యూనిక్ 72 పాయింట్లతో మూడో స్థానం. 2011-12 తర్వాత ఒక్క ట్రోఫీ కూడా లేని సీజన్ మాకు అదే. మేం మా ఆట ఆడి ఉంటే ఈ థ్రెడ్డే ఉండేది కాదు.

స్టాట్స్_శీను
మామా, మీ ఆట మీరు ఆడిన సీజన్లే తీద్దాం. బాయర్న్ చరిత్రలో 90 పాయింట్లు దాటింది ఒక్కసారే, 2012-13లో 91. ఆ తర్వాతి ఏడాది 90. లెవర్కూసెన్‌కి వచ్చింది కూడా 90. అంటే మీ అతి గొప్ప జట్టుని తెచ్చి పక్కన నిలబెట్టినా తేడా ఒక్క పాయింటు. 89 గోల్స్ కొట్టి 24 ఇచ్చారు. దీన్ని "బాయర్న్ బాగా ఆడలేదు కాబట్టి" అంటే కుదరదు.

ఆఫ్‌సైడ్_అప్పారావు
ట్రోఫీ కోసం హ్యారీ కేన్ ఊరు, క్లబ్బు, దేశం వదిలి మ్యూనిక్ వెళ్లాడు. వరుసగా 11 టైటిళ్లు గెలిచిన జట్టు సరిగ్గా ఆ ఏడాదే ఖాళీ చేతులతో నిలబడింది. గుమ్మంలో గుమ్మడికాయ కట్టాల్సింది.

మ్యూనిక్_మామ
లీగ్‌లో 36 గోల్స్ కొట్టాడు పాపం. ఆయన జోలికి రాకండి.

గుంటూరు_గన్నర్
ఇన్విన్సిబుల్స్ పేరు వచ్చింది కాబట్టి దిగుతున్నా. 2003-04లో మా ఆర్సెనల్‌ది 38 మ్యాచ్‌లు, 26 గెలుపులు, 12 డ్రాలు. ఆ తర్వాత లీగ్‌లో 49 దాకా లాక్కెళ్లాం. ప్రీమియర్ లీగ్‌లో ఓడకుండా ఉండటం, జర్మనీలో ఓడకుండా ఉండటం ఒకటి కాదు. ఇంగ్లండ్‌లో వారానికో పెద్ద మ్యాచ్.

స్టాట్స్_శీను
గన్నర్ బ్రో, మీకూ 90 పాయింట్లే. కాకపోతే మీరు 38 ఆడి తెచ్చుకున్నారు, వీళ్లు 34లో తెచ్చుకున్నారు. మీ డ్రాలు 12, వీళ్లవి 6. అదే ఏడాది మీరు ఎఫ్ఏ కప్ సెమీస్‌లో యునైటెడ్ చేతిలో, ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్స్‌లో చెల్సీ చేతిలో పోయారు. వీళ్లు కప్ ఇంటికి తెచ్చారు, యూరప్ క్లబ్బుల రెండో పెద్ద టోర్నీ యూరోపా లీగ్‌లో ఫైనల్ దాకా వెళ్లారు. అన్ని పోటీలూ కలిపి 53 ఆడి ఓడింది ఒక్కటంటే ఒక్కటి.

గుంటూరు_గన్నర్
అంకెలతో కొట్టకు శీనూ. మా స్ట్రైకర్ హెన్రీని చూసినవాడికి ఆ లెక్కలు ఎక్కవు.

పత్తిచేను
ఒక డౌట్. ఈ బేయర్, మా ఊళ్లో పత్తికి కొట్టే కాన్ఫిడార్ కంపెనీ ఒకటేనా? మా నాన్న టీవీలో జెర్సీ మీద ఆ క్రాస్ గుర్తు చూసి "వీళ్లు ఆటలు కూడా ఆడతారా" అన్నాడు.

రైన్_ఒడ్డున
ఒకటే. 1904లో ఆ ఫ్యాక్టరీ కార్మికులు పెట్టుకున్న క్లబ్ అది. ఇప్పటికీ జట్టుని ఇక్కడ ఫ్యాక్టరీ టీమ్ అనే పిలుస్తారు. ఊరు చిన్నది, కంపెనీ చుట్టూ పెరిగింది. స్టేడియంలో పట్టేది 30 వేలకు కాస్త పైన. నేను ఉండేది పక్కనే కొలోన్‌లో, లోకల్ ట్రైన్ ఎక్కితే చాలు.

ఆఫ్‌సైడ్_అప్పారావు
ఇప్పుడర్థమైంది. మిగతా 17 జట్లకూ మందు కొట్టేశారు.

పత్తిచేను
మా చేలో పచ్చదోమ మాత్రం 95వ నిమిషంలో కూడా పోదు.

వైజాగ్_వింగ్‌బ్యాక్
కంపెనీ మాట వచ్చింది కాబట్టి అంటున్నా. జర్మనీలో క్లబ్ ఓట్లలో సగానికి పైగా సభ్యుల చేతిలోనే ఉండాలన్న రూల్ ఉంది. బేయర్‌కి, వోక్స్‌వాగన్ ఉన్న వోల్ఫ్స్‌బుర్గ్‌కి పాత అనుబంధం పేరుతో మినహాయింపు ఇచ్చారు. వెనక అంత పెద్ద మందుల కంపెనీ ఉన్న జట్టుని "చిన్న క్లబ్ కథ" అని అమ్మితే నేను కొనను.

కొండాపూర్_కిక్
ఒప్పుకుంటా. కానీ డబ్బు ఉన్నదే నిజమైతే 120 ఏళ్లు ఎందుకు పట్టింది? అంతకుముందు వాళ్ల షెల్ఫ్‌లో పెద్ద కప్పులు రెండే. 1988 యుయెఫా కప్, 1993 జర్మన్ కప్.

పాత_కేబుల్
కిక్ తమ్ముడూ, ఎందుకు పట్టిందో నేను చెప్తా. మీలో చాలామంది ఆ రోజులు చూసి ఉండరు. 2000లో ఆఖరి రోజు ఉంటర్‌హాకింగ్ అనే చిన్న క్లబ్‌తో మ్యాచ్. డ్రా చేసుకుంటే టైటిల్. బల్లాక్ సొంత గోల్ వేసుకున్నాడు, 2-0తో ఓడారు, టైటిల్ బాయర్న్‌కి పోయింది. 2002 ఇంకా ఘోరం. ఐదు పాయింట్ల ఆధిక్యం చేతిలో పెట్టుకుని లీగ్ డార్ట్‌మండ్‌కి ఇచ్చేశారు. కప్ ఫైనల్ షాల్కె మీద 4-2తో పోయింది. ఆ వెంటనే గ్లాస్గోలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. రియల్ మాడ్రిడ్ ఆటగాడు జిదాన్ ఎడమ కాలితో గాల్లో కొట్టిన ఆ గోల్ అందరికీ తెలుసు, అది ఎవరి మీద కొట్టాడో ఎవరికీ గుర్తుండదు. వీళ్ల మీదే. ఆఖర్లో బాల్ లైన్ మీద తిరుగుతుంటే రియల్ కీపర్ కసియస్ ఆపిన సేవ్‌లు చూస్తూ మా హాస్టల్ కామన్ రూమ్‌లో అందరం లేచి నిలబడ్డాం. మూడింట్లోనూ రెండో స్థానం. ఆ తర్వాత ఇరవై ఏళ్లు "నెవర్‌కూసెన్" అన్న వెక్కిరింపు మోశారు.

ఆరెంజ్_ఆర్మీ
చదువుతుంటేనే గుండె పట్టేసింది.

లెఫ్ట్‌ఫుట్_లక్ష్మి
అసలు ప్రశ్నకి వద్దాం. ఆఖరి నిమిషం గోల్స్ లక్ అనేవాళ్లని ఒక్క పని చేయమనండి. ఆ గోల్స్ ఎవరు కొట్టారో చూడమనండి. ఆగ్స్‌బుర్గ్‌లో 94వ నిమిషంలో పలాసియోస్, మిడ్‌ఫీల్డర్. లీప్‌జిగ్‌లో 91వ నిమిషంలో ఇంకాపియే, డిఫెండర్. డార్ట్‌మండ్‌లో 97వ నిమిషంలో స్టానిసిచ్, డిఫెండర్. స్టట్‌గార్ట్ మీద 96వ నిమిషంలో ఆండ్రిచ్, మిడ్‌ఫీల్డర్. స్ట్రైకర్ ఒక్కడు వెళ్లి గుడ్డిగా తన్నితే తగిలిన గోల్స్ కావు ఇవి. 90 నిమిషాలు దాటాక కూడా వెనక వరస వాళ్లు ముందుకి వచ్చి బాక్స్‌లో ఉన్నారు. అలా రావాలంటే బాల్ పోతుందన్న భయం ఉండకూడదు, కాళ్లలో ఊపిరి మిగిలి ఉండాలి.

ఇంకోటి. వాళ్లు వెనకబడినప్పుడు లాంగ్ బాల్స్ వేయడం మొదలుపెట్టరు. మనం లోకల్ టోర్నీల్లో చూస్తాం కదా, ఐదు నిమిషాలు ఉందంటే కీపర్ దగ్గర్నుంచి అందరూ గాల్లోకి లేపేస్తారు. వీళ్లు అదే చిన్న పాస్‌లు, ఇటు షాకా, అటు పలాసియోస్, మళ్లీ వెనక్కి టా, మళ్లీ గ్రిమాల్డో. అవతలి జట్టు గంటన్నర పాటు బాల్ వెనక పరుగెత్తి పరుగెత్తి చివర్లో ఒక్క అడుగు లేటవుతుంది. ఆ ఒక్క అడుగులోనే గోల్.

వైజాగ్_వింగ్‌బ్యాక్
లక్ష్మి అక్కా, బెంచ్ కూడా చెప్పండి. ఐదుగురు సబ్‌లు. షిక్ లాంటి స్ట్రైకర్ బెంచ్ మీంచి లేచి వస్తుంటే అలసిపోయిన డిఫెండర్ ఏం చేస్తాడు.

లెఫ్ట్‌ఫుట్_లక్ష్మి
అవును. టైటిల్ ఖాయమైన బ్రెమెన్ మ్యాచ్‌లో జట్టు స్టార్ విర్ట్జ్ హాఫ్‌టైమ్ తర్వాతే దిగాడు, హ్యాట్రిక్ కొట్టాడు. విర్ట్జ్‌ని బెంచ్ మీద కూర్చోబెట్టే ధైర్యం ఎంతమంది కోచ్‌లకి ఉంటుంది?

మ్యూనిక్_మామ
అంతా బాగుంది కానీ మాతో మ్యూనిక్‌లో ఆడిన మ్యాచ్ 94వ నిమిషంలో పెనాల్టీతో 2-2 చేసుకున్నారు. అది కూడా మిడ్‌ఫీల్డర్ ముందుకొచ్చిన గొప్పతనమేనా?

లెఫ్ట్‌ఫుట్_లక్ష్మి
పెనాల్టీ వేసింది పలాసియోసే, మిడ్‌ఫీల్డరే. మీరే ఇచ్చారు మామా ఆ కేటగిరీ.

ఆఫ్‌సైడ్_అప్పారావు
మామ సెల్ఫ్ గోల్.

స్టాట్స్_శీను
ఇందాకటి నుంచి పేపర్ మీద ఒక లెక్క వేస్తున్నా. లీగ్‌లో 90వ నిమిషం దాటాక కొట్టి ఫలితం మార్చిన గోల్స్ అన్నీ తీసేద్దాం. అవి జరగనే లేదనుకుందాం.

బాయర్న్‌తో 2-2 కాస్తా 2-1 ఓటమి: ఒక పాయింటు పోయింది. ఆగ్స్‌బుర్గ్‌లో 1-0 కాస్తా 0-0: రెండు. లీప్‌జిగ్‌లో 3-2 కాస్తా 2-2: రెండు. హోఫెన్‌హైమ్ మీద షిక్ 91వ నిమిషం గోల్ తీసేస్తే 1-1: రెండు. డార్ట్‌మండ్‌లో ఒకటి, స్టట్‌గార్ట్‌తో ఒకటి. మొత్తం 9 పోతాయి, 90 కాస్తా 81. అవతల స్టట్‌గార్ట్ 73కి రెండు కలిసి 75, బాయర్న్ 72కి రెండు కలిసి 74.

అప్పుడు కూడా ఛాంపియన్ లెవర్కూసెనే, ఆరు పాయింట్ల తేడాతో. కిక్ బ్రో, లంచ్ దగ్గర ఇది చెప్పు.

కొండాపూర్_కిక్
శీనూ, నీకు పారడైజ్‌లో బిర్యానీ బాకీ.

గుంటూరు_గన్నర్
ఆగండాగండి. అదే లెక్కలో ఇంకోటి కూడా ఉంది, శీను తెలివిగా దాటేశాడు. ఆ గోల్స్ తీసేస్తే బాయర్న్, డార్ట్‌మండ్, స్టట్‌గార్ట్, మూడు మ్యాచ్‌లు ఓడినట్టే. టైటిల్ లక్ కాదు, సరే. "అజేయం" అన్న ముద్ర మాత్రం ఆ ఆఖరి నిమిషాల పుణ్యమే.

స్టాట్స్_శీను
అక్కడ నేను వాదించను. టైటిల్ వేరు, అజేయం వేరు. కానీ డార్ట్‌మండ్, స్టట్‌గార్ట్ గోల్స్ రెండూ టైటిల్ గెలిచేశాక వచ్చినవి. ఏప్రిల్ 14న ఇంకా ఐదు మ్యాచ్‌లు ఉండగానే లీగ్ అయిపోయింది. ఏమీ పోయేది లేని మ్యాచ్‌లో 97వ నిమిషం దాకా ఒక డిఫెండర్ పరుగెత్తాడంటే అది మనసులో ఉన్న ఆకలి. దానికి లక్ అని ఎలా పేరు పెడతాం?

మ్యూనిక్_మామ
ఆ డిఫెండర్ ఎవరో కూడా రాయండి మరి. స్టానిసిచ్. మా కుర్రాడు. మేం అప్పు ఇచ్చిన కుర్రాడు. ఫిబ్రవరి 10న మా మీదే మొదటి గోల్ కొట్టాడు, 3-0. ఇంగ్లండ్‌లో అయితే అప్పిచ్చిన క్లబ్ మీద ఆడనివ్వరు.

వైజాగ్_వింగ్‌బ్యాక్
ఆ 3-0లో మూడోది మామకి ఇంకా నొప్పి. బాయర్న్ కీపర్ నోయర్ కార్నర్‌కని పైకి వెళ్లాడు, ఫ్రింపాంగ్ ఖాళీ గోల్‌లోకి దూరం నుంచి కొట్టాడు. ఆ రాత్రి నేను వాడకట్టంతా లేచేలా అరిచా.

మ్యూనిక్_మామ
థాంక్స్. మర్చిపోయి ఉండేవాణ్ని.

రైన్_ఒడ్డున
ఏప్రిల్ 14 మాట వచ్చింది కాబట్టి. టికెట్ దొరకలేదు, అయినా ట్రైన్ ఎక్కి స్టేడియం బయటికి వెళ్లి నిలబడ్డా. నాలాంటి వాళ్లు రోడ్డు నిండా. ఒక పెద్దాయన, మెడలో రంగు వెలిసిన ఎరుపు-నలుపు స్కార్ఫ్, ఫోన్‌లో రేడియో కామెంటరీ పెట్టుకుని చెవికి ఆనించి పట్టుకున్నాడు. లోపల స్టాండ్ అరుపు ముందొస్తోంది, ఆయన ఫోన్‌లో గోల్ తర్వాత వస్తోంది. బోనిఫేస్ పెనాల్టీకి నవ్వాడు. షాకా దూరం నుంచి కొట్టిన రెండోదానికి పక్కవాడి భుజం పట్టుకున్నాడు. విర్ట్జ్ మూడోది కొట్టేసరికి ఫోన్ ఆపేసి జేబులో పెట్టేసుకున్నాడు. ఇంక వినాల్సింది ఏముంది. 5-0. లోపల జనం మ్యాచ్ అవ్వకముందే గ్రౌండ్‌లోకి దిగిపోయారట, బయటికి ఎర్ర పొగ తప్ప ఏమీ కనపడలేదు.

మా రూమ్మేట్ కొలోన్ ఫ్యాన్. ఆ రాత్రి నేను తిరిగొచ్చేసరికి లైట్లు ఆపి పడుకున్నాడు, లేదా పడుకున్నట్టు నటించాడు. వాళ్ల జట్టు ఆ సీజన్‌లోనే కింది డివిజన్‌కి పడిపోయింది.

ఆరెంజ్_ఆర్మీ
ఆ రోజు మా ఇంట్లో రిమోట్ యుద్ధం. వాంఖడేలో ముంబై-చెన్నై మ్యాచ్, ధోనీ ఆఖరి ఓవర్లో వరసగా మూడు సిక్సులు కొట్టిన రాత్రి అదే. ఇక్కడ తొమ్మిదింటికి బ్రెమెన్ మ్యాచ్ మొదలు. మా తమ్ముడు చెన్నై భక్తుడు, రిమోట్ మీద కూర్చున్నాడు. చివరికి నేను ఫోన్‌లో చూసుకున్నా.

చార్మినార్_స్ట్రైకర్
క్రికెట్ తెచ్చారు కాబట్టి నేను హైదరాబాద్ ఫుట్‌బాల్ తెస్తా. లీగ్, కప్ ఒకే ఏడాది అని మురిసిపోతున్నారు. రహీమ్ సాబ్ నడిపిన మన హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్‌లు కొట్టింది. 1950లో డ్యూరాండ్ కప్ కూడా. బొంబాయి వెళ్లి, ఢిల్లీ వెళ్లి, కలకత్తా జట్లని ఓడించి తెచ్చినవి. ఆ జట్టుని ఎవరైనా లక్ అన్నారా?

గుంటూరు_గన్నర్
వరసగా ఐదా? ఇది నాకు తెలీదు. దీనికి వేరే థ్రెడ్ పెట్టండి అన్నా, తప్పక వస్తాం.

చార్మినార్_స్ట్రైకర్
పెడతా. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ మన దేశపు లీగ్ ఐఎస్ఎల్ గెలిచిన రాత్రి కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపింది కూడా రాస్తా. ఇప్పుడా జట్టే ఢిల్లీకి వెళ్లిపోయింది, ఎవరికి చెప్పుకోవాలి.

మోడరేటర్
హైదరాబాద్ కొత్త థ్రెడ్‌లో. ఇక్కడ లెవర్కూసెన్.

గుంటూరు_గన్నర్
సరే, లెవర్కూసెన్‌కే వస్తా. లోపల మింగలేని విషయం ఒకటుంది. షాకా. 2019లో మా స్టేడియంలో మా వాళ్లే అతన్ని హేళన చేస్తే జెర్సీ విప్పేసి వెళ్లాడు, కెప్టెన్సీ పోయింది. తర్వాత నిలదొక్కుకున్నాడనుకోండి, అయినా 2023లో వెళ్లిపోతుంటే మాలో సగం మంది "పోతే పోనీ" అన్నారు. వెళ్లిన మొదటి ఏడాదే అక్కడ ఓడని జట్టుకి ఇంజన్ అయ్యాడు. టైటిల్ మ్యాచ్‌లో గోల్, కప్ ఫైనల్‌లో గోల్, రెండూ దూరం నుంచే.

లెఫ్ట్‌ఫుట్_లక్ష్మి
ఆ వేసవిలో కొన్నవాళ్లనే చూడండి. గ్రిమాల్డో బెన్ఫికా నుంచి ఫ్రీగా వచ్చాడు. ఎడమ అంచున డిఫెన్స్ కూడా చూసే వింగ్‌బ్యాక్ అయి ఉండి లీగ్‌లో 10 గోల్స్, 13 అసిస్ట్‌లు. షాకా, హోఫ్‌మన్, బెల్జియం నుంచి బోనిఫేస్. పేరు చూసి కొన్నది ఒక్కటీ లేదు. కోచ్ ఆడించబోయే ఆటకి ఏ స్థానంలో ఎవరు కావాలో చూసి కొన్నారు. ఆటగాళ్ల కొనుగోళ్లు చూసుకున్న రోల్ఫెస్ ఆ క్లబ్ పాత కెప్టెన్, ఇంట్లో మనిషి. వైజాగ్ తమ్ముడు ఇందాక డబ్బు అన్నాడు కదా, డబ్బుంటే చాలదు, ఎక్కడ పెట్టాలో తెలియాలి.

వైజాగ్_వింగ్‌బ్యాక్
అక్కా, అది కాదనను. 2022 అక్టోబర్‌లో కోచ్‌గా అలోన్సో వచ్చేసరికి 18 జట్లలో 17వ స్థానం. సీనియర్ టీమ్‌కి అంతకుముందు కోచ్‌గా పని చేయలేదు, స్పెయిన్ క్లబ్ సొసియెడాడ్ రెండో జట్టుని చూసుకునేవాడు. ఆ సాహసం బోర్డుది.

మ్యూనిక్_మామ
సరే, లీగ్ ఇచ్చేస్తున్నా. కప్ మాత్రం ఇవ్వను. ఆరు మ్యాచ్‌లు ఆడారు, ఎవరితో? ఒటెన్సెన్ నాలుగో డివిజన్. సాండ్‌హౌసెన్ మూడో డివిజన్. పాడర్‌బోర్న్, డుసెల్‌డార్ఫ్, ఫైనల్‌లో కైజర్స్‌లౌటర్న్, మూడూ రెండో డివిజన్. పై డివిజన్ జట్టు ఒక్క స్టట్‌గార్టే, దాని మీద కూడా 90వ నిమిషంలో టా హెడర్‌తో 3-2. ఎవరితో ఆడాలో తేల్చే చీటీ లక్ అంటే ఇదీ.

స్టాట్స్_శీను
ఇది మాత్రం నిజమైన పాయింట్. చీటీ బాగానే పడింది.

కొండాపూర్_కిక్
పడింది. కానీ పెద్ద జట్లు ఎక్కడికి పోయాయి మామా? మీ బాయర్న్‌ని సార్‌బ్రుకెన్ అనే మూడో డివిజన్ జట్టు ఇంటికి పంపింది. ఎన్నో నిమిషంలో?

మ్యూనిక్_మామ
...

వైజాగ్_వింగ్‌బ్యాక్
96.

ఆఫ్‌సైడ్_అప్పారావు
అది మాత్రం లక్ కాదు, స్కిల్.

పాత_కేబుల్
కైజర్స్‌లౌటర్న్‌ని రెండో డివిజన్ అని తీసిపారేయకండి. 1998లో కింది నుంచి పైకి వచ్చిన ఏడాదే లీగ్ గెలిచిన జట్టు అది, మళ్లీ ఎవరూ చేయలేదు. వీళ్లిద్దరికీ పాత లెక్క ఒకటుంది. 1996లో ఆఖరి రోజు లెవర్కూసెన్‌లో ఈ రెండు జట్లే. 1-1 అయింది. లెవర్కూసెన్ బతికింది, కైజర్స్‌లౌటర్న్ కింది డివిజన్‌కి పడిపోయింది. మ్యాచ్ అయ్యాక టీవీ ఇంటర్వ్యూలో కైజర్స్‌లౌటర్న్ ఆటగాడు బ్రెమె లెవర్కూసెన్ ఆటగాడు ఫోలర్ భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. 1990 ప్రపంచకప్ ఫైనల్‌లో గెలుపు పెనాల్టీ కొట్టిన బ్రెమె! ఇద్దరూ ఆ జర్మనీ జట్టులో కలిసి ఆడినవాళ్లే. ఆ బ్రెమె 2024 ఫిబ్రవరిలో పోయాడు. మూడు నెలలకి బెర్లిన్ ఫైనల్‌లో మళ్లీ ఈ రెండు జట్లే ఎదురుపడ్డాయి. నాకు ఆ ఫైనల్ మామూలు మ్యాచ్‌లా అనిపించలేదు.

రైన్_ఒడ్డున
కేబుల్ అన్నా, ఇది నాకు ఇక్కడ ఇన్నేళ్లుండీ తెలీదు.

లెఫ్ట్‌ఫుట్_లక్ష్మి
ఆ ఫైనల్ ఎలాంటి స్థితిలో ఆడారో కూడా చూడాలి. మే 22 బుధవారం డబ్లిన్‌లో యూరోపా ఫైనల్. అటలాంటా 3-0, లుక్మన్ హ్యాట్రిక్. 51 మ్యాచ్‌ల తర్వాత మొదటి ఓటమి. మూడు రోజులు తిరక్కుండా శనివారం బెర్లిన్. 17వ నిమిషంలో షాకా గోల్. 44వ నిమిషంలో కొసూను రెండో ఎల్లో తిని బయటికి. అక్కడి నుంచి ఆట అంతా పది మందితో. గోల్ ఇవ్వలేదు. ఏడాదంతా ఆఖర్లో గోల్ కొట్టిన జట్టు ఆ రాత్రి ఆఖర్లో గోల్ ఆపుకుంది.

గుంటూరు_గన్నర్
డబ్లిన్‌లో ఏం జరిగిందంటారు మరి? అంత ఆట ఆడే జట్టు అసలు కనిపించనే లేదు.

లెఫ్ట్‌ఫుట్_లక్ష్మి
అటలాంటా కోచ్ గాస్పెరీనీ మనిషికి మనిషిని అంటించేశాడు. షాకా తిరిగి చూసేలోపే వెనక ఒకడు. వీళ్ల ఆటకి కావాల్సింది బాల్ మీద ఒక సెకను తీరిక. ఆ సెకను అటలాంటా ఇవ్వలేదు. జర్మనీలో అలా 90 నిమిషాలు మీద పడి ఆడే దమ్మున్న జట్టు వాళ్లకి తగల్లేదు. లక్ అని ఎవరైనా అనాలంటే ఇది అనొచ్చు, అదీ సగమే.

ఆరెంజ్_ఆర్మీ
బెర్లిన్ ఫైనల్ మనకి శనివారం రాత్రి పదకొండున్నరకి. గెలిచారని సంబరంగా పడుకున్నా. ఆదివారం సాయంత్రం చెన్నైలో మన సన్‌రైజర్స్ ఐపీఎల్ ఫైనల్, 113 ఆలౌట్. ఏడాదంతా రికార్డులు బద్దలుకొట్టి ఫైనల్‌లో చల్లారిపోవడం అంటే ఏంటో నాకు బాగా తెలుసు. కాకపోతే లెవర్కూసెన్‌కి మూడు రోజుల్లో ఇంకో ఫైనల్ దొరికింది, మనకి దొరకలేదు.

ఆఫ్‌సైడ్_అప్పారావు
కమ్మిన్స్‌ని వింగ్‌బ్యాక్‌గా పెట్టాల్సింది.

కొండాపూర్_కిక్
ఇప్పుడు ఆ జట్టు చూస్తే దిగులేస్తుంది. 2025 వేసవిలో అలోన్సో రియల్‌కి, విర్ట్జ్, ఫ్రింపాంగ్ లివర్‌పూల్‌కి, షాకా సండర్లాండ్‌కి, కెప్టెన్ హ్రాడెకీ మొనాకోకి.

మ్యూనిక్_మామ
టా మా దగ్గరికి. స్టానిసిచ్ ఎలాగూ మావాడే. సంతకాలు పెట్టించుకోవడంలో మేం ఎప్పుడూ ఛాంపియన్లమే.

పత్తిచేను
మా నాన్నకి చూపించడానికి ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ చెప్పండి. పూర్తిగా చూస్తాడు, మధ్యలో లేవడు. ఆఫ్‌సైడ్ తెలీదు కానీ ఎవరు కష్టపడుతున్నారో పట్టేస్తాడు.

వైజాగ్_వింగ్‌బ్యాక్
యూరోపా లీగ్‌లో కరాబాగ్‌తో రెండో మ్యాచ్, మార్చి 14. సొంత ఊళ్లో 2-0 వెనకబడ్డారు. ఫ్రింపాంగ్ ఒకటి, షిక్ 93లో ఒకటి, 97లో ఒకటి. పెద్దాయన కుర్చీలోంచి లేవకపోతే నన్నడుగు.

లెఫ్ట్‌ఫుట్_లక్ష్మి
వద్దు, అందులో అవతలి జట్టుకి రెడ్ కార్డ్ పడింది, మళ్లీ లక్ అంటారు. లీప్‌జిగ్ 3-2, జనవరి 20. బోనిఫేస్‌కి గాయం, టప్సోబా, కొసూను, అడ్లీ ఆఫ్రికా కప్‌కి వెళ్లిపోయారు. రెండుసార్లు వెనకబడి రెండుసార్లు సమం చేసి అవతలి ఊళ్లో గెలిచారు.

రైన్_ఒడ్డున
నా ఓటు కూడా లీప్‌జిగ్‌కే. ఇంకాపియే గోల్ కొట్టాక బెంచ్ మీదున్న వాళ్లంతా ఎలా పరుగెత్తారో చూడమను.

పత్తిచేను
సరే, లీప్‌జిగ్. ఆదివారం పెడతా. కరెంటు ఉంటే.

ఆఫ్‌సైడ్_అప్పారావు
90 నిమిషాలకి కరెంటు పోతే మాత్రం మీ నాన్నకి 2-2 డ్రా.